తోమే పొడిలో అగ్నిపర్వతం!

ఈవారం వడియాలతో మొదలుపెడతాను. మా వదినది ఆళ్లగడ్డ. ఏటా మే నెలలో మిద్దె మీద సగ్గుబియ్యం వడియాలు పెట్టడం ఆవిడకి అలవాటు. 2024లో నంద్యాల వైపు ఎండ 45 డిగ్రీలు దాటిన రోజుల్లో, పొద్దున తొమ్మిదికే పైకెక్కి, కళ్లు తిరిగి గిన్నె పక్కనే కూలబడిందట. కోడలు చూసింది కాబట్టి సరిపోయింది. ఫోన్లో పరామర్శిస్తే, "ఎండలు మన చేతిలో ఉన్నాయా వదినా? కాలం పూర్వమూ మారింది, ఇప్పుడూ మారుతోంది" అంది.

మీలోనూ చాలామంది ఇదే అనుకుంటూ ఉంటారు. అందులో సగం నిజమే. దానికి సాక్ష్యం కోసం దూరం వెళ్లనక్కర్లేదు, మన బనగానపల్లె దగ్గరే ఉంది.

అక్కడ జుర్రేరు లోయలో జ్వాలాపురం అని ఒక పల్లె. పొలాల్లో తవ్వితే తెల్లటి బూడిద పొర బయటపడుతుంది. కొన్నిచోట్ల మనిషి ఎత్తుని మించి ఉంది. అది ఏ పొయ్యిలోదీ కాదు! సుమారు 74 వేల ఏళ్ల కిందట ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం బద్దలైతే, సముద్రం దాటి ఎగిరొచ్చి పడింది. వాన నీళ్లు చుట్టుపక్కల బూడిదని లోయలోకి కొట్టుకొచ్చి మేట వేశాయి. చిత్రమేమిటంటే, ఊళ్లోవాళ్లు దాన్ని తవ్వి, శుభ్రం చేసే పొడుల తయారీకి అమ్మేవారు. మన బోకులు తోమిన పొడిలో టోబా బూడిద ఎంత కలిసిందో ఎవరు చూడొచ్చారు?

ధార్వాడకు చెందిన రవి కొరిసెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం అక్కడ తవ్వకాలు జరిపి, 2007లో 'సైన్స్' పత్రికలో రాశారు. బూడిద కిందా, పైనా కూడా రాతి పనిముట్లు ఒకేలాంటివి దొరికాయి. అంటే అంత ఉపద్రవంలోనూ ఇక్కడి మనుషులు బతికి బట్టకట్టారని వాళ్ల వాదన. కాదనే పండితులూ ఉన్నారు.

అయితే ఒక్కటి గమనించండి. అంత పెద్ద అగ్నిపర్వతం పేలితే భూమి వేడెక్కదు, చల్లబడుతుంది. పైకి లేచిన గంధకపు పొగ ఎండకి పరదా కడుతుంది. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో పేలినప్పుడు లోకమంతా ఏడాది, రెండేళ్లపాటు అర డిగ్రీ దాకా చల్లబడింది. తర్వాత మామూలే. మరి సూర్యుడా అంటే, నలభై ఏళ్లకు పైగా ఉపగ్రహాలతో కొలుస్తున్నారు, ఆయన తాపమేమీ పెరగలేదు.

ఇక మిగిలింది మనిషే. బొగ్గు, పెట్రోలు తగలబెట్టగా వచ్చే బొగ్గుపులుసు వాయువు భూమికి బొంత కప్పినట్టు వేడిని పోనివ్వదు. యంత్రాల కాలానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లలో 280 ఉండేది, ఇప్పుడు 420 దాటింది. సున్నపురాయి కాల్చి సిమెంటు చేసినా ఇదే వాయువు. మన జిల్లాలో ఆ ఫ్యాక్టరీలకు కొదవా! నీళ్లు నిలగట్టిన వరిమడి నుంచి మీథేన్ అనే మరో వాయువు వస్తుంది. నంద్యాల సోనా తినే మనకి ఈ మాట రుచించదు, నాకూ రుచించలేదు.

వేడి గాలి తేమనీ ఎక్కువ పట్టుకుంటుంది, కుమ్మరిస్తే ఒక్కసారే. 2019 సెప్టెంబరులో మహానంది గుడిలోకి నీళ్లొచ్చాయి, గుర్తుందా? ఆ ఒక్క వానకి ఇదే కారణమని అనను గానీ, అలాంటి వానలు పెరుగుతాయన్నది మాత్రం ఖాయం.

కట్టెపొయ్యి ముందు కళ్లు పోగొట్టుకున్న మన అమ్మల పాపం ఇందులో ఏపాటిది? అయినా మిద్దె మీద సొమ్మసిల్లేది మనమే.

ఇదంతా చెబితే వదిన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే బనగానపల్లె మామిడికీ ముప్పేనా?" అంది. అకాల వానకి పిందెలు రాలడం తను చూసిందే. ఈ ఏడు వడియాలు శివరాత్రి వెళ్లగానే పెట్టేసింది. సగ్గుబియ్యం రాత్రే నానబెట్టి, తెల్లారుజామున ఉడికించి, ఏడింటికల్లా కిందికి దిగిపోతోంది. మీరూ అలాగే చేయండి. ఒంటరిగా మాత్రం పైకెక్కకండి.