టార్చిలైటుకి మన అడ్రసెందుకు?

రాజోలులో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు నాది. మా దగ్గరికొచ్చే చాలా ఫోన్లకి అసలు రిపేరే ఉండదు. “ముట్టుకోకుండానే ఏవో బొమ్మలొచ్చేస్తున్నాయి బాబూ” అంటూ తెస్తారు మామ్మగార్లు. చూస్తే టార్చికో ఆప్, పంచాంగానికో ఆప్, ఫోను శుభ్రం చేస్తానంటూ ఇంకోటి. ఆ బొమ్మలు వాటి ప్రకటనలే. ఫోనులో టార్చి ముందే ఉందని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. దీపం వెలిగించడానికి ఆ ఆప్‌కి వాళ్లెక్కడున్నారో కూడా తెలియాలిట! ఇదేం కొత్త కాదు. కోట్లమంది దించుకున్న ‘బ్రైటెస్ట్ ఫ్లాష్‌లైట్’ జనం ఎక్కడున్నదీ ప్రకటనల సంస్థలకు చేరవేస్తోందని 2013లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టింది.

కొన్ని ఆప్‌లు తప్పవు. డబ్బు పంపడానికి బ్యాంకువాళ్లు ఒప్పుకున్న ఆప్ కావాలి. కువైట్‌లో ఉన్న అమ్మాయితో మాట్లాడాలంటే ఆ అమ్మాయి వాడేదే మనమూ వాడాలి. సరే. కానీ కొబ్బరికాయల లెక్క రాసుకోవడం, ఫొటోలు చూసుకోవడం, దారి వెతుక్కోవడం... ఇవి ఫోను గడప దాటక్కర్లేని పనులు. వీటికైనా ఓపెన్ సోర్స్ ఆప్‌లు పెట్టుకోమంటాను. అంటే లోపలి కోడు ఎవరైనా చదివేలా, మార్చుకునేలా బయట పెట్టినవి. ఎఫ్-డ్రాయిడ్ అనే చోట 2010 నుంచీ ఇలాంటివే ఇస్తున్నారు.

“ఆ కోడు మనం చదువుతామా ఏంటి?” అని నిలదీశారో పంతులుగారు. చదవం. ఎవరో చదవగలగడం, మార్చుకోగలగడమే మనకు కాపలా. ‘సింపుల్ మొబైల్ టూల్స్’ కథే చూడండి. టిబోర్ కపుటా అనే ఆయన మొదలుపెట్టిన చిన్నచిన్న ఆప్‌లవి. గ్యాలరీ, క్యాలెండరు, నోట్సు, ఫైళ్లు. ప్రకటనల్లేవు, అక్కర్లేని అనుమతుల్లేవు. 2023 చివర్లో ఆయన వాటిని జిపోఆప్స్ అనే కంపెనీకి అమ్మేశాడు. వాడేవాళ్లే కాదు, వాటికి కోడు రాసిపెట్టినవాళ్లూ గగ్గోలు పెట్టారు. మామూలు ఆప్ అయితే కథ అక్కడితో ముగిసేది. కొన్నవాడు ఏం చేస్తే అది. ఇక్కడ అమ్ముడుపోయింది పేరూ, ప్లే స్టోరులో చోటూ. అప్పటిదాకా రాసిన కోడు జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద ఉంది కాబట్టి దాన్ని వెనక్కి లాక్కోవడం ఎవరి తరమూ కాదు. వాటికి పనిచేసినవాళ్లలోనే నవీన్ సింగ్ అనే అతను ఆ కోడు తీసుకుని ‘ఫాసిఫై’ పేరుతో మళ్లీ నిలబెట్టాడు. ఇప్పుడు నేను కొట్లో వేసిచ్చేది అదే. కపుటాని తిట్టను. ఏళ్ల తరబడి చాకిరీ చేసినవాడికి డబ్బవసరం ఉండదా? ఆయన అమ్ముకున్నా మన పని ఆగలేదు, నాకు నచ్చింది అదీ.

ఫోను గడప దాటని ఆప్ విలువ నెట్ పోయినప్పుడు తెలుస్తుంది. నెట్ లేకపోతే ఎలా ఉంటుందో కోనసీమవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2022 మే 24న అమలాపురంలో అల్లర్లయ్యాక రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటినుంచి ఉద్యోగం చేసే కుర్రాళ్లు లాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నలు కోసం యానాం వైపు పరిగెత్తారు. ఆ రోజుల్లో మా కొట్టుకి వచ్చిన ఓ కొబ్బరి వర్తకుడి బాధ వేరు: ఆయన ఫోనులో ఆయన లెక్కలే ఆయనకి తెరుచుకోలేదు. నెట్ తగిలితేగాని తలుపు తీయదు ఆ ఆప్. ఎవరికెంత బాకీయో రాసుకోడానికి ఎక్కడో ఉన్న కంప్యూటరు పర్మిషనెందుకండీ?

ఆ జూలైలోనే వరద. భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది, మన లంకలు మునిగాయి. అలాంటప్పుడు ముందే దించుకున్న మ్యాపు ఫోనులో ఉంటే సిగ్నలు లేకున్నా గట్టు ఎటుందో కనబడుతుంది. ఆర్గానిక్ మ్యాప్స్, ఓఎస్‌ఎమ్‌యాండ్ అలా పనిచేస్తాయి. వాటి వెనకున్న ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మనమే కలపొచ్చు కూడా. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కడాగుతుందో, ఏ లంక బాట పడవ దగ్గరికి పోతుందో మనకన్నా ఎవరికి తెలుసు?

ఒక్క జాగ్రత్త. పెళ్లి శుభలేఖనీ, చలానా అనీ వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు, అంటే ఫోనులో ఆప్ ఎక్కించే ఫైళ్లు, వస్తున్నాయి. అవి నొక్కితే బ్యాంకు ఖాతాలు ఖాళీ అవుతున్నాయి. ఎఫ్-డ్రాయిడ్ వచ్చేదీ ఏపీకే గానే, కాబట్టి దాన్ని దాని సొంత వెబ్‌సైటు నుంచే దించుకోవాలి. భయమనిపిస్తే వీడియోలు చూసే వీఎల్‌సీ, ఆర్గానిక్ మ్యాప్స్ ప్లే స్టోరులోనే ఉన్నాయి, అక్కడివే చాలు.

ఓపెన్ సోర్స్ ఆప్‌లలో లోపాల్లేవనను. కొన్ని చూడ్డానికి నీరసంగా ఉంటాయి. పాడైతే ఫోన్ చేయడానికి నంబరుండదు. అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది భాష: సగం మెనూ తెలుగు, సగం ఇంగ్లీషు. దీనికి మాత్రం మందు మన చేతిలోనే ఉంది. అనువాదాలు చాలావరకు వెబ్లేట్ లాంటి వెబ్‌సైట్లలో జరుగుతాయి, ఎవరైనా చేయొచ్చు. ఓడలరేవు బీవీసీ ఇంజనీరింగు కాలేజీలోనో, అమలాపురం ఎస్కేబీఆర్ కాలేజీలోనో ఒక్క బ్యాచికి ఇది ప్రాజెక్టుగా ఇస్తే సెలవుల్లోపే ఓ గ్యాలరీ, ఓ నోట్సు పూర్తి తెలుగులోకి వచ్చేస్తాయి. రాసింది జనానికి అర్థమవుతోందో లేదో చూడాలంటే పిల్లల్ని మా కొట్టుకి పంపండి. సాయంత్రంపూట బెంచీ మీద ఇద్దరు ముగ్గురు మామ్మగార్లు ఉండనే ఉంటారు. తప్పులు మొహం మీదే చెప్తారు.