బండి చల్లగా ఉన్నప్పుడే చూడాలి

పోయిన సంచికలో టైర్ల గురించి రాసిన తర్వాత మన సభ్యులు నలుగురైదుగురు ఒకటే ప్రశ్న వేశారు. "సెకండ్ హ్యాండులో ఆటోమేటిక్ బండి కొనవచ్చునా?" అని. నిజమే, మనలో చాలామందికి మోకాళ్లు మొరాయించే వయసు వచ్చింది. బళ్లారి ట్రాఫిక్‌లో గంటకు వందసార్లు క్లచ్ తొక్కాలంటే ప్రాణం మీదికి వస్తుంది. కొత్తది కొందామంటే ధర అందదు. కొనవచ్చునండీ. కాకపోతే నేను కొన్నట్టు కొనకండి.

నాలుగేళ్ల కిందట మా ఆవిడ మోకాలి ఆపరేషన్ తర్వాత ఒక ఆటోమేటిక్ కారు చూశాను. పదకొండు గంటలకు వెళితే అమ్మే ఆయన అప్పటికే ఇంజను ఆన్ చేసి, ఏసీ వేసి, సీట్లు చల్లగా పెట్టి ఉంచాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను. ఊళ్లో ఒక చుట్టు తిప్పితే వెన్నలాగా నడిచింది. డబ్బు చేతిలో పెట్టి తెచ్చుకున్నాను. మర్నాడు పొద్దున మా వాకిట్లో స్టార్ట్ చేసి 'డి'లో వేస్తే బండి కదలదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టినాక వెనకనుంచి ఎవరో తన్నినట్టు ఎగిరి కదిలింది. మా మెకానిక్ సాబు గేజి కడ్డీ బయటికి లాగి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఎణ్ణె మాడిపోయింది సార్" అన్నాడు. రిపేరుకు కారు ధరలో మూడోవంతు అయింది. మా ఆవిడ ఆ లెక్క ఇప్పటికీ మరిచిపోలేదు.

ఆ మర్యాద వెనక ఉన్న సంగతి అప్పుడు తెలిసింది. గేర్‌బాక్సు లోపల అరిగిన సీళ్లు చల్లారినప్పుడు గట్టిపడి ఆయిల్ ఒత్తిడిని జారవిడుస్తాయి. వేడెక్కాక కాస్త సర్దుకుంటాయి. అంచేత అమ్మేవారికి ముందురోజే చెప్పండి, మేం వచ్చేదాకా బండి తీయవద్దని. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే టీ తాగి ఇంటికి వచ్చేయండి, మరోరోజు వెళ్లవచ్చు.

ఇంకొక సంగతి. ఆటోమేటిక్ అనే మాట ఒకటే గాని, మన రోడ్ల మీద నాలుగు జాతులున్నాయి. పాతకాలపుది టార్క్ కన్వర్టర్. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి వేస్తే ఆ గాలికి రెండోది తిరుగుతుంది చూడండి, గాలికి బదులు ఆయిల్ అనుకోండి. సీవీటీలో పళ్లచక్రాల జతలకు బదులు రెండు కప్పీల మధ్య ఉక్కు బెల్టు. మూడోది ఏఎంటీ. 2014లో సెలేరియోతో మన దేశంలో ఇంటింటికీ వచ్చింది. ఇది మామూలు గేర్‌బాక్సే, మన కాలికి బదులు యంత్రం క్లచ్ తొక్కుతుంది. నాలుగోది రెండు క్లచ్చులున్న డీసీటీ. పేరు చూసి జాతి చెప్పలేం. బాలెనో 2015లో వచ్చినప్పుడు ఆటోమేటిక్ అంటే సీవీటీ, 2022 నుంచి ఏఎంటీ. గ్రాండ్ ఐ10లో టార్క్ కన్వర్టర్, 2019లో వచ్చిన నియోస్‌లో ఏఎంటీ. ఏ జాతో తెలియకుండా పరీక్ష చేస్తే, సీవీటీలో ఇంజను ముందు అరిచి స్పీడు తర్వాత అందుకోవడం చూసి మంచి బండినే పాడైందనుకుంటాం.

మొన్న మా తోడల్లుడికి బండి కావలసివచ్చి గుంతకల్లుకు ఇద్దరం తెల్లవారకముందే బయలుదేరాం. 1953లో రాష్ట్రాలు విడిపోయినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయి బళ్లారి మైసూరులోకి వచ్చినా, బండ్ల బేరాలకు మాత్రం హద్దు లేదు. బండి చల్లగానే ఉంది, టార్క్ కన్వర్టర్. బ్రేకు తొక్కిపట్టి 'పి' నుంచి 'ఆర్', 'ఎన్', 'డి' ఒక్కొక్కటే వేసి చూశాం. ఒకటి రెండు సెకన్లలో మెత్తగా పట్టుకోవాలి. 'ఆర్'లో మూడు సెకన్లు పట్టి దబ్బుమంది. రోడ్డెక్కాక మూడో గేరుకు మారేచోట ముల్లు పైకి లేచింది, స్పీడు పెరగలేదు. అంటే లోపల ప్లేట్లు జారుతున్నాయన్నమాట. మా తోడల్లుడికి రంగు, సీట్లు నచ్చాయి. "అన్నా, ఇంత చిన్నదానికా?" అన్నాడు. గుంతకల్లునుంచి బళ్లారిదాకా నాతో మాట్లాడలేదు.

రెండు వారాల తర్వాత సండూరులో ఏఎంటీ ఒకటి దొరికింది. దీనికి పరీక్ష వేరు. ఎత్తు రోడ్డు మీద ఆపి బయలుదేరినప్పుడు బండి వణికినా, కాలిన వాసన వచ్చినా క్లచ్ ప్లేటు అయిపోయినట్టు. లారీల వెనక ఎక్కుడు రోడ్లమీద బ్రేకు వదిలేసి యాక్సిలరేటర్ తొక్కి నిలబెట్టే అలవాటున్నవాళ్లు ప్లేటు త్వరగా కాల్చేస్తారు. డ్రై క్లచ్ డీసీటీలకూ అంతే. ఈ బండి వణకలేదు. అరగంట ట్రాఫిక్‌లో తిప్పి, బాగా వేడెక్కాక మళ్లీ చూశాం. చల్లటి పరీక్షతోపాటు ఈ వేడి పరీక్ష కూడా చేయాలి, కొన్ని జబ్బులు వేడిలోనే బయటపడతాయి.

రేడియేటర్ చూస్తే ఎర్రటి గని దుమ్ము రెక్కల నిండా పేరుకుని ఉంది. మన జిల్లా బండ్లన్నిటికీ ఇది తప్పదు. టార్క్ కన్వర్టర్ బండ్లలో గేర్‌బాక్సు ఆయిల్‌ను చల్లబరిచే గొట్టాలు చాలావాటికి రేడియేటర్‌లోనే ఉంటాయి. అది మూసుకుంటే ఆయిల్ మాడుతుంది, లోపల చిల్లుపడితే నీళ్లు ఆయిల్లో కలిసి అచ్చం రోజ్ మిల్క్‌లా తయారవుతుంది. ఆ రంగు కనిపిస్తే బేరం ఆడకండి.

ఆయిల్ సంగతి కూడా చెప్పాలి. "ఇది జీవితకాలం ఆయిల్ సార్, మార్చక్కర్లేదు" అంటారు. మన కర్ణాటకలో కట్టే లైఫ్ టాక్సులాగా. ఎవరి జీవితకాలమో చెప్పరు. గేర్‌బాక్సులు తయారుచేసే జర్మనీ వారి జెడ్‌ఎఫ్ కంపెనీయే తన గేర్‌బాక్సులకు 80 వేలనుంచి లక్షా 20 వేల కిలోమీటర్లకో, 8 ఏళ్లకో ఆయిల్ మార్చమంటుంది. కాబట్టి బిల్లు అడగండి. సీవీటీలో సీవీటీ ఆయిలే పొయ్యాలి, ఎర్రగా ఉందికదా అని వేరేది పోస్తే బెల్టు జారుతుంది. గేజి కడ్డీ లేని బండ్లకు లిఫ్టు మీద ఎక్కించి చూడాల్సిందే, ఆ ఖర్చుకు వెనకాడవద్దు.

కొన్నాక దారిలో ఆగిపోతే తాడు కట్టి ట్రాక్టరుకు తగిలించకండి. టార్క్ కన్వర్టర్, సీవీటీలలో ఇంజను ఆగితే ఆయిల్ పంపు కూడా ఆగుతుంది. చక్రాలు తిరుగుతుంటే లోపల పొడిపొడిగా రాసుకుంటుంది. నా బండిని పాత ఓనరు హొసపేట దారిలో అలాగే లాక్కొచ్చాడట, రిపేరయ్యాక తెలిసింది. లారీ మీద ఎక్కించి తేవాలి.

ఆంధ్ర నంబరు బండి కొంటే అక్కడి ఆర్టీవో దగ్గర ఎన్‌ఓసీ తీసుకుని, ఇక్కడి టాక్సు ఎంతవుతుందో ముందే అడిగి, ఆ మొత్తాన్ని ధరలో కలిపి బేరమాడండి.

సండూరు బండి మా తోడల్లుడు తీసుకున్నాడు. మొదటి వారంలోనే రేడియేటర్ కడిగించి, గేర్ ఆయిల్ మార్పించి, కిలోమీటర్ల అంకె ఒక చీటీ మీద రాసి డ్రైవరు తలుపు లోపల అంటించాడు. నాతో మాటలు కూడా మొదలుపెట్టాడు.