తుపానుకు ముందటి దినములు

బంగాళాఖాతమున అల్పపీడన మేర్పడినదన్న వార్త పుట్టినది మొదలు, అది వాయుగుండమై, తుపానై, ఎక్కడనో యొకచోట తీరము దాటువరకు గడచు మూడు నాలుగు దినములను గూర్చి మన పత్రికలలో వచ్చు వ్రాత స్వల్పము. దాటిన పిమ్మట కూలిన కరెంటు స్తంభములతోను, తెగిన కాలువగట్లతోను, నాయకుల విహంగవీక్షణములతోను పుటలకు పుటలు నిండును. నామట్టుకు, కృష్ణా డెల్టా రైతు బాగోగులు చాలవరకు ఆ ఎదురుచూపు దినములలోనే తేలిపోవుననియే తోచును.

ఎదురుచూచుటకైనను ముందు తెలియవలెను గదా! 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము బందరుపై విరుచుకుపడినపుడు తెలిసినవాడు లేడు. పట్టణమునను, చుట్టుపట్ల పల్లెలలోను సుమారు 30,000 మంది నీటిపాలైరి. అంతకు నెలనాళ్ళ ముందే కలకత్తాకును అట్టి విపత్తే సంభవించియుండుటచే రేవులకు ముందుగా హెచ్చరికలు పంపు పద్ధతికి దొరతనమువారు పూనుకొనిరి. 1875లో వాతావరణ శాఖ వెలసెను. నూరేండ్లు గడచి 1977 నవంబరు 19, శనివారము వచ్చునప్పటికి రేడియో హెచ్చరికలు లేకపోలేదు. అయినను సొర్లగొంది, హంసలదీవి వంటి దివిసీమ గ్రామములలో తాటాకు పాక విడిచి పరుగెత్తినవానికి ఎక్కి నిలుచుటకు మెరకగాని, గట్టి మేడగాని ఎచ్చట నున్నది? సుమారు ఐదు మీటర్ల యెత్తున లేచిన ఉప్పెన మైళ్ళకొలది లోనికి చొచ్చుకొనివచ్చి, ప్రభుత్వపు లెక్క చొప్పుననే పదివేలమందిని పొట్టనబెట్టుకొన్నది. పలుపు విప్పువారు లేక పశువులు గుంజల కడనే చచ్చినవి. తీరగ్రామములలో తుపాను రక్షణ భవనములు వరుసగా లేచినది అటుపిమ్మటనే. 1990 మే 9వ తేదీన దానికి దీటైన తుపానే కృష్ణ సముద్రమున గలియుచోట తీరము దాటినను, లక్షలాది జనులను ముందుగా తరలించియుండుటచే మృతుల సంఖ్య వేయికి లోపుగనే నిలిచినది.

అందుచేత హెచ్చరిక ఫలింపనపుడు మనవారు చేయు పరిహాసము నాకు గిట్టదు. 2013 నవంబరులో హెలెన్ బందరు దాపున తీరము దాటిన వారము లోపలనే లెహర్ అను పెనుతుపాను అటే వచ్చుచున్నదని ఊళ్ళు ఖాళీ చేయించిరి. 28వ తేదీన అది తీరము చేరునప్పటికి నీరసించి వాయుగుండముగా మిగిలెను. ‘ఇంతేనా’ యని నవ్వినవారు పెక్కురు. నవ్వినవానికి పోవునదేమున్నది? ఆ నవ్వు విని మరుసటిసారి కదలక కూర్చున్న కుటుంబమునకే ముప్పు.

ఎదురుచూపు అందరికిని ఒక్కతీరుగ నుండదు. గిలకలదిండి రేవున ప్రమాద సూచిక ఎగురవేసిన గంటలోనే బెస్తవారు పడవలను పాయలలోనికి ఈడ్చి, మోకులతో బిగగట్టి, వలలను ఇంజనులను విప్పి యిండ్లకు చేర్చుకొందురు. ఏలయన ఆ ఇంజనుపై అప్పింకను తీరియుండదు. సముద్రమునకు డెబ్బది కిలోమీటర్ల దవ్వున నున్న విజయవాడలో ఎదురుచూపనగా కొవ్వొత్తులు, పాలపాకెట్లు, నింపిన ట్యాంకు, చేతిలోని ఫోనులో గిరగిర తిరుగు రంగుల చక్రము. నగరము గాలికే భయపడును. నీరు ఎటునుండి వచ్చునో చూచుకొనదు. 2024లో తుపాను స్థాయికైనను చేరని వాయుగుండము కురిపించిన వానకే బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగెను. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ వద్ద మునుపెన్నడు నెరుగని 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహము నమోదయ్యెను. జనుల బెదురెల్ల కృష్ణమీదనే యుండగా, బుడమేరు ఇండ్ల వెనుకనుండి వచ్చినది.

కాని నేను ముఖ్యముగా చెప్పదలచినది వరిచేనిని గూర్చి. మన తుపానుల ఋతువును, సార్వా వరి పండు ఋతువును ఒక్కటే యగుట ఈ డెల్టాకు పుట్టుకతో వచ్చిన దౌర్భాగ్యము. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం వైపున దాటునప్పటికి పైరు ఇంకను గింజ కట్టుచుండెను. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దాపున దాటునప్పటికి కొంత పైరు కోతకు వచ్చియుండెను, కొంత పనలమీద నుండెను, కొంత రోడ్లమీద ఆరబోసియుండెను. మనిషిని బస్సెక్కించి తరలింపవచ్చును. పనలను ఏ బస్సెక్కింతుము? మబ్బు కమ్మిన ఉదయమున కౌలు రైతు గట్టుమీద నిలిచి, కంకినుండి నాలుగు గింజలు దూసి, ఒకదానిని పంటికింద కొరికి, “ఇంకో రెండెండలు తగిలితే చాలండీ” అనును. ఆ రెండెండలే యుండవు. కోత మిషను తెప్పించెదనన్న గంట కిరాయి అంతకంతకు పెరుగును. పచ్చిగింజ కోసి తెచ్చెదనన్న 17 శాతమునకు మించిన తేమ పేరు చెప్పి కొనుగోలు కేంద్రమువారు వంక పెట్టుదురు. బరకములు కొందమన్న అంగడిలో దొరకవు. తుపాను దారిని గంటగంటకు గీచి చూపగల ప్రభుత్వమునకు ఆ మూడు దినములపాటు తేమ నిబంధనను సడలించుటయు, గోనెసంచులను, బరకములను, లారీలను ఊరూర ముందుగ నుంచుటయు అసాధ్యమా? అంచనాల బృందము నీరు తీసిన పిమ్మట వచ్చి, 33 శాతమునకు మించి పోయినదా లేదా యని చేలగట్లపై లెక్కలు వేయుటకంటె, ఇది ఎంతో చౌక.

ఆ లెక్క తేలినను సాయము ముట్టునది ఎవరికి? మక్తా బస్తాలు ముందే ఒప్పుకొని, ఎరువుల కొట్టులో అప్పుపడి సాగుచేసినవాడు కౌలుదారు. కాగితములలోని పేరు భూస్వామిది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము క్రింద కౌలుదారునకు హక్కు పత్రము దొరకవలెనన్నను యజమాని సమ్మతి కావలెను. సంతకము పెట్టినచో భూమి చేజారునేమోయని యజమానులు జంకుదురు. ఆ చట్టము పదకొండు నెలల సాగునకే గాని భూమిపై హక్కునకు గాదని ఎందరు చెప్పినను ఆ జంకు తీరలేదు. దివిసీమలోను, పెడన, గుడివాడ ప్రాంతములలోను పొలములుండి విజయవాడలో కాపురమున్న పెద్దలనేకులు తుపాను వచ్చినపుడెల్ల ఫోనుచేసి “చేను ఎట్లున్నదిరా” యని ఆదుర్దాతో నడుగుదురు. ఆ ప్రశ్న అడుగువారు వచ్చు సార్వాకు నారు పోయకముందే ఆ సంతకమును పెట్టవలెనని నా కోరిక.