చేతిలో ఫోను సరే, దారిలో బస్సేది?

ముస్లిం హక్కుల గురించి చర్చించుకునే ప్రతిచోటా వక్ఫ్ భూములు, రిజర్వేషన్లు, ఉపకార వేతనాలు, చట్టసభల్లో ప్రాతినిధ్యం అనే మాటలు వినిపిస్తాయి. వినిపించవలసిందే. కానీ ఆ జాబితాలో బస్సు ఎందుకు లేదు? పొద్దున్నే పిల్లలను కాలేజీకి చేర్చవలసిన పల్లెవెలుగు ఎందుకు లేదు? ‘బస్సు అందరి సమస్య కదా, అది ముస్లిం సమస్య ఎలా అవుతుంది?’ అని మన సభల్లోనే అడిగేవారున్నారు. వారికి సమాధానంగానే ఈ నాలుగు మాటలు. అందరి సమస్యల దగ్గర మనం కనిపించకపోవడమే మన సమస్యల దగ్గరకు ఎవరూ రాకపోవడానికి ఒక ముఖ్య కారణమని నా వాదన.

2006 నవంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన సచార్ కమిటీ నివేదిక చదువు, కొలువులతోనే ఆగలేదు. ముస్లింలు అధికంగా నివసించే గ్రామాలకు పక్కా రోడ్లూ, బస్‌స్టాపులూ తగినంతగా లేవని కూడా అది తేల్చి చెప్పింది. ఆ నివేదికను దాదాపు రెండు దశాబ్దాలుగా ప్రతి వేదిక మీదా ఉటంకిస్తున్నాం. ఉద్యోగాల అంకెలు మనకు కంఠస్థం. బస్‌స్టాపు మాట మాత్రం ఎవరి నోటా రాదు. ఊరి నుంచి కదలలేనివాడికి కళాశాల ఎంత దూరమో, ఉద్యోగం కూడా అంతే దూరమని గుర్తించడానికి మరో కమిటీ అవసరమా?

శ్రీకాకుళం జిల్లాలో ఈ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. ఒకనాడు చికాకోల్ సర్కారుగా కుతుబ్‌షాహీల ఏలుబడిలో ఉన్న ఈ గడ్డ మీద, 2011 జనగణన ప్రకారం ముస్లింలు నూటికి ఒక్కరు కూడా లేరు. పలాసలో, టెక్కలిలో, ఉద్దానం తీరాన ఉన్నవారు అక్కడక్కడా విసిరేసినట్టుగా కొన్ని కుటుంబాలే. మన ఓట్లు లెక్కపెట్టి మన వీధికి బస్సు వేయించే నాయకుడు ఇక్కడ పుట్టడు. ఇలాంటి చోట మన హక్కు విడిగా రాదు. పక్కింటి మత్స్యకారుడి హక్కుతో, ఎదురింటి జీడి కార్మికురాలి హక్కుతో కలిసే వస్తుంది. ఆ కలయికకు బస్సు కంటే సులువైన చోటు మరొకటి లేదు. బస్సులో సీటు పక్కవాడి పేరు అడగదు.

ఉద్దానంలో ప్రయాణం అంటే ఏమిటో తెలియనివారి కోసం కొంత చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి తోటలూ జీడి తోటలూ ఎంత పచ్చగా ఉన్నా, వాటి నీడన ఉన్న ఇళ్లలో మూత్రపిండాల జబ్బు దశాబ్దాలుగా కాపురం చేస్తోంది. జబ్బు ముదిరినవారు వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లాలి. వెళ్లిన ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు యంత్రానికి అతుక్కుని ఉండాలి. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. మంచిదే. అయితే ఆసుపత్రి కట్టినంత మాత్రాన రోగి అక్కడికి చేరినట్టు కాదు. రక్తం శుద్ధి చేయించుకుని నీరసించిన మనిషి ఇరుకు ఆటోలో అంచున కూర్చుని ఇంటికి రావలసి వస్తే, ఆ వైద్యం సగమే అందినట్టు. ప్రభుత్వం పింఛను ఒక చేత్తో ఇస్తుంది, బస్సు లేకపోవడం దానిలో కొంత మరో చేత్తో తీసుకుంటుంది.

పలాస, కాశీబుగ్గల జీడిపప్పు కర్మాగారాలకు తెల్లవారకముందే బయలుదేరే ఆడవాళ్ల సంగతీ అంతే. రైలెక్కాలన్నా ముందు బస్సే కావాలి. సోంపేట పేరున్న స్టేషను కంచిలిలో ఉంది. టెక్కలి వాసి హౌరా, చెన్నై ప్రధాన మార్గంలో రైలు అందుకోవాలంటే నౌపడ పోవాలి, లేదా పలాస చేరాలి. స్టేషనుకు తీసుకువెళ్లే బస్సు లేనప్పుడు రైళ్ల పట్టికలో ఎన్ని పేర్లుంటే ఏమి లాభం?

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో మహిళలకు టికెట్టు లేదు. ఆ నిర్ణయాన్ని స్వాగతిద్దాం. కానీ ఉచితం కావాలంటే ముందు బస్సు ఉండాలి. బస్సు రాని దారిలో సున్నా రూపాయల టికెట్టుకు విలువ కూడా సున్నానే. ‘దూరం, ఒంటరి ప్రయాణం, ఆటోలో కిక్కిరిసిన జనం’ అని చెప్పి ఇంటర్మీడియెట్‌తో ఆడపిల్ల చదువు మాన్పించే తల్లిదండ్రులు మన ఇళ్లలో తక్కువేమీ కాదు. వారిని ఛాందసులని తిట్టిపోయడం సులువు. కండక్టరు ఉన్న బస్సు, తెలిసిన వేళకు వచ్చే బస్సు, నలుగురు ఆడవాళ్లు కలిసి ఎక్కే బస్సు ఆ ఇంటి ముందుకు తెప్పించడం కష్టం. హక్కుల కార్యకర్త చేయవలసింది ఆ కష్టమైన పనే.

ఇక ఫోను సంగతికి వద్దాం. బస్సు అడిగినవాడికి ఈనాటి పాలన ఇచ్చే జవాబు యాప్. ఆర్టీసీకి లైవ్ ట్రాక్ ఉంది, రైలు ఎక్కడుందో చూపే యాప్‌లున్నాయి, టికెట్టూ ఫోనులోనే వస్తుంది. వీటిని తప్పుపట్టనక్కరలేదు. వస్తున్న బస్సు ఎక్కడుందో యాప్ చెబుతుంది. రద్దయిన ట్రిప్పు వల్ల చెట్టు కింద నిలబడిపోయిన పదిమందిని అది చూపదు. ఎన్నడూ వేయని రూటు దాని పటంలో ఉండనే ఉండదు. పైగా ఆ యాప్ ఎవరి చేతిలో ఉంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో జీవితంలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు నూటికి 21 మంది. ఆ తర్వాత ఈ సంఖ్య పెరిగే ఉంటుంది. అయినా బస్సు ఎక్కువగా అవసరమైనవారి చేతిలోనే ఫోను తక్కువగా ఉందన్న వాస్తవం అంత తొందరగా మారేది కాదు. సమయాల బోర్డు పీకేసి యాప్ చూసుకోమనడం వారిని బస్‌స్టాండు నుంచి గెంటేయడమే.

పాలకులను నిలదీసిన నోటితోనే మనల్నీ ప్రశ్నించుకోవాలి. నెల జీతం చాలని ఇంట్లోనూ వాయిదాల మీద కొన్న ఫోను ఉంది. కుర్రవాడి చెవుల్లో బడ్స్, చేతికి అడుగులు లెక్కపెట్టే గడియారం. బస్సు దొరక్క వాడు నడిచిన దూరాన్ని ఆ గడియారం వ్యాయామం కింద జమకడుతుంది! రాత్రి పన్నెండు దాకా వాట్సప్ బృందాల్లో ప్రపంచ ముస్లింల కష్టాల వీడియోలు ఒకరి నుంచి ఒకరికి పోతుంటాయి. ఆ బాధ నిజమైనదే, ఆ సానుభూతీ అవసరమే. కానీ పక్క వీధిలో డయాలసిస్‌కు పోయే పెద్దాయనను బస్సెక్కించే బాధ్యత ఏ బృందంలోనూ ఎవరూ తీసుకోరు. వేలు కదిపితే ఉద్యమం అయిపోయిందన్న తృప్తి మనల్ని ఇంట్లోనే కూర్చోబెడుతోంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరాన్ని తాకినప్పుడు స్తంభాలు కూలాయి, సెల్ టవర్లు మూగబోయాయి. అప్పుడు ఇంటి మీద పడిన చెట్టును నరికిందీ, నీళ్ల బిందె అందించిందీ పొరుగువారే. కష్టకాలంలో పనికివచ్చిన ఆ బంధాన్ని మామూలు రోజుల్లో బస్‌స్టాపు దగ్గర నిలబెట్టుకోలేమా?

‘వాలంటీరు’ అన్న మాట మన రాష్ట్రంలో కాస్త దారి తప్పింది. 2019లో యాభై ఇళ్లకు ఒకరు చొప్పున ప్రభుత్వం నియమించిన వారే ఆ పేరు వినగానే గుర్తుకొస్తారు. ఎవరూ నియమించకుండా, ఏ గౌరవ వేతనమూ లేకుండా పది ఊళ్ల అవసరం కోసం తన సాయంత్రాన్ని ఇచ్చేవాడికి ఆ పేరు తిరిగి ఇవ్వాలి. పలాస, టెక్కలి ప్రాంతాల్లో బస్సుల కోసం, రైళ్ల ఆగుదల కోసం ఎవరు అర్జీ పట్టుకుని కదిలినా, ఆ వరుసలో మన పిల్లలు ఉండాలి.

‘మనం ముందు నిలబడితే దానికి మతం రంగు పులుముతారు, ఎందుకొచ్చిన గొడవ’ అనే పెద్దలున్నారు. వారి భయం ఊరికే పుట్టింది కాదు. అయితే ఇంట్లో కూర్చుంటే ఆ రంగు పులమడం ఆగిందా? ‘వీళ్లకు వీళ్ల గోలే తప్ప ఊరి గోల పట్టదు’ అన్న నిందకు మన మౌనమే సాక్ష్యమవుతోంది. ముందు నిలబడమని ఎవరూ అనడం లేదు. పక్కన నిలబడితే చాలు.

అమెరికాలోని మాంట్‌గోమరీ నగరాన్ని గుర్తు చేసుకుందాం. 1955 డిసెంబరు 1న రోసా పార్క్స్ అనే నల్లజాతి మహిళ బస్సులో తన సీటును తెల్లవాడికి వదలనన్నందుకు అరెస్టయింది. జో ఆన్ రాబిన్సన్ అనే కళాశాల అధ్యాపకురాలు ఆ రాత్రికి రాత్రే వేలాది కరపత్రాలు తీయించింది. ఆమె చేతిలో ఉన్న సాధనం మన పెద్దలకు తెలిసిన సైక్లోస్టైల్ వంటి యంత్రమే. ఆ తర్వాత 381 రోజులు జనం బస్సులు ఎక్కలేదు. కొందరు నడిచారు, కొందరు కార్లలో ఇతరులను ఎక్కించుకున్నారు. యంత్రం ఒక్క రాత్రి పనిచేసింది, మనుషులు ఏడాదికి పైగా పనిచేశారు. వారి పోరాటం ఉన్న బస్సుల్లోని వివక్ష మీద, మన పోరాటం లేని బస్సు కోసం. అక్కడ ప్రయాణికుల్లో అత్యధికులు వారే, ఇక్కడ మనం పిడికెడు మందిమి. అందుకే తక్కినవారితో కలవవలసిన అవసరం వారికంటే మనకే ఎక్కువ.

రైలు విషయంలో ఆ అవసరం కళ్లెదుటే ఉంది. 2019 ఫిబ్రవరిలో ప్రకటించిన దక్షిణ కోస్తా రైల్వే జోన్‌కు సంబంధించి, 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం విశాఖపట్నం డివిజన్ హద్దులను ఆమోదించింది. ఆ హద్దు ఉత్తరాన పలాసతో ఆగిపోయింది. నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా విశాఖకు దక్కింది. పలాస దాటాక మందస రోడ్, బారువ, సోంపేట, జాడుపూడి, ఇచ్ఛాపురం స్టేషన్లు మాత్రం భువనేశ్వర్ కేంద్రంగా ఉన్న తూర్పు కోస్తా జోన్‌లో, ఖుర్దా రోడ్ డివిజన్ కిందే మిగిలాయి. ఉద్దానం ప్రజలు తమ రాష్ట్రంలో ఉండి కూడా ఒక రైలు ఆగుదల కోసం పొరుగు రాష్ట్రంలోని కార్యాలయానికి అర్జీ పెట్టుకోవాలి. ఒడిశా మీద కోపం అక్కరలేదు. నిర్ణయం తీసుకునే బల్లకు ప్రయాణికుడు ఎంత దూరంగా ఉన్నాడన్నదే ప్రశ్న. ఇచ్ఛాపురం వరకు విశాఖ డివిజన్‌లో కలపాలన్న కోరికలో మతం లేదు, కులం లేదు. అందులో మన సంతకం ఎందుకు ఉండకూడదు?

దీన్ పేరుతో వెనక్కి లాగేవారికి దీన్ నుంచే జవాబుంది. జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాల్లో బాటసారి ఒకడని దివ్యఖుర్‌ఆన్ చెబుతోంది. దారిలో బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసంలో భాగమని దైవప్రవక్త (సఅసం) బోధించారు. ఆ బాటసారి ముస్లిమై ఉండాలనో, ఆ దారి మన వీధిదై ఉండాలనో షరతు పెట్టి బాధ తొలగించేవాడు ఆ బోధనలోని సారాన్ని వదిలేసినట్టే. దారిలో ముల్లు తీయడం పుణ్యమైతే, దారి పొడవునా లేని బస్సును తెప్పించడం ఎలా పరాయి పని అవుతుంది?

చేయవలసిన పని పెద్దదేమీ కాదు. ఒక్కో స్టాపు దగ్గర ఇద్దరు పిల్లలు నెల రోజులపాటు ఏ బస్సు ఎప్పుడు వచ్చిందో, ఏది రాలేదో, ఎంతమంది మిగిలిపోయారో ఫోనులో రాసుకోవాలి. ఎవరి ముఖమూ తీయనక్కరలేదు, వేళలూ సంఖ్యలూ చాలు. ఫోను లేని ఆడవాళ్ల మాటను మన ఆడపిల్లలు ఇంటింటికీ వెళ్లి రాసుకోవాలి. ఆ లెక్కతో డిపో మేనేజరును కలవాలి, సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. రైల్వేను పది రూపాయల రుసుముతో సమాచార హక్కు కింద అడిగితే 30 రోజుల్లో జవాబు చెప్పవలసిన బాధ్యత వారిదే. జుమా నమాజు తర్వాత మస్జిద్ ముందు పది నిమిషాలు ఈ సంగతి మాట్లాడుకోవాలి. అదే అర్జీ మీద గుడి వీధివారి, చర్చి వీధివారి, జాలరిపేటల వారి సంతకాలూ ఉండాలి.

ఈ పని చేస్తే రేపే బస్సు వస్తుందని హామీ ఎవరూ ఇవ్వలేరు. కానీ అర్జీ మీద పక్కపక్కన సంతకం చేసినవారు, రేపు మన శ్మశానవాటిక దారి కోసమో, మన పిల్లల హాస్టలు కోసమో మనం వెళ్లినప్పుడు ముఖం తిప్పుకోలేరు. మైనారిటీగా అడిగే హక్కుకు బలం పౌరుడిగా చేసిన పని నుంచే వస్తుంది. ఫోను జేబులో పెట్టుకుని స్టాపు దగ్గరకు రండి. అక్కడ ఎదురుచూస్తున్నది మనవాళ్లే.