చల్లదనమును కాచు యంత్రము



బెజవాడ యెండలను గూర్చి మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు. కృష్ణాతీరపు మండువా లోగిళ్లలో మన పూర్వపు గృహిణులు ప్రొద్దెక్కకమునుపే కిటికీలు మూసెడివారు. వడగాలి రేగగనే వట్టివేళ్ల తడకలు తడిపెడివారు. చీకటి పడినతోడనే అన్నియు తెఱచెడివారు. ఇంటి వేడిని కనిపెట్టి వేళకు తగిన పని చేయుచుండినది ఇల్లాలి కన్నే.

నేడు పెద్ద ఆసుపత్రులలోను, కార్యాలయములలోను ఈ కాపలాను యంత్రములకు అప్పగించుచున్నారు. గదిలోని వేడిని కొలుచు సాధనమొకటి, మనుష్యులున్నారో లేరో పసికట్టు సాధనమొకటి, వాని మాట విని చల్లగాలిని, దీపములను హెచ్చించి తగ్గించు యంత్రమొకటి. మన యింటి ఏ.సీ.లోని థర్మోస్టాట్ ఆ కుటుంబములోని చిన్నబిడ్డయే. దాని స్వభావ మెఱుగక పలువురు ధనము వ్యర్థపఱచుచున్నారు.

18 డిగ్రీలకు పెట్టిన గది త్వరగా చల్లబడునని పెక్కుమంది నమ్మకము. అది సరికాదు. ఎక్కడ ఆగవలెనో మాత్రమే ఆ అంకె యంత్రమునకు చెప్పును. మన మే నెలలో 18కి పెట్టినచో అది ఆగుట యరుదు. ఒక్కొక్క డిగ్రీ హెచ్చించినకొలది నూటికి సుమారు 6 వంతుల విద్యుత్తు మిగులునని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వారి లెక్క. అందుచేతనే 2020 జనవరి 1 నుండి స్టార్ గుర్తుగల గది ఏ.సీ.లు మొదట 24 డిగ్రీలకే యుండునట్లు నిబంధన చేసిరి. వృథాయైన విద్యుత్తునకై బొగ్గు ఎట్లు మండునో చూడ దూరము పోనక్కఱలేదు; ఇబ్రహీంపట్నపు పొగగొట్టములు చాలును. 26కి పెట్టి పంకాను మెల్లగా తిరుగనిండు. పడమటి కిటికీ మూయుట మాత్రము ఆ చిన్నబిడ్డకు చేతగాదు; అది నేటికిని మన పనియే.

బందరు, అవనిగడ్డ వైపు వారికొక మాట. నీరు ఆవిరియైనగాని తడక చల్లదనమీయదు. తేమతో నిండిన సముద్రపుగాలిలో అది చాలవఱకు నిష్ఫలము. అట్టి దినములలో వేడికంటె ఉక్కయే బాధ. ఏ.సీ.లోని ‘డ్రై’ అను మీట గాలిలోని తేమను లాగివేయును.

పొదుపు పేర వృద్ధులున్న గదిలో ఏ.సీ. ఆపివేయుట తగదు. వయసు మీఱినకొలది వేడియు దాహమును తెలియుట మందగించును. “నాకేమియు ఉక్క లేదే” అని అత్తగారనినను నమ్మక, గోడకొక ఉష్ణమాపకము తగిలించి దానినే యడుగుడు. తెల్లవాఱుజామున గాలి చల్లబడు వేళకు ఏ.సీ. దానంతట అదియే ఆగునట్లు టైమరు పెట్టి, లేచినతోడనే కిటికీలు తెఱవుడు.