ఇంటింటి ఆరోగ్యం: నిద్ర మాత్ర అలవాటైతే



ఇంట్లో ఒకరు పోయినప్పుడు, పంట పోయి అప్పు మీద పడినప్పుడు గుండె దడ, నిద్రలేమి రావడం సహజం. డాక్టరు గారు పది రోజులకని ఒక చిన్న మాత్ర రాసిస్తారు. నిద్ర పడుతుంది, మనసు కుదుటపడుతుంది. పది రోజులు గడుస్తాయి గాని మాత్ర ఆగదు. పాత చీటీతోనే, కొన్నాళ్ళకు చీటీ కూడ లేకుండ, పట్నం వెళ్ళేవారి చేత తెప్పించుకుంటారు. అలా ఏండ్లు గడిచిన ఇండ్లు మనలో ఉన్నాయి.

ఆల్ప్రజోలామ్, డయాజిపామ్, లోరాజిపామ్ మొదలైనవి ఈ జాతి మందులు. మెదడును శాంతపరచే గాబా అనే రసాయనానికి ఇవి బలమిస్తాయి. మూర్ఛ ఆగనప్పుడు ప్రాణం కాపాడేవి కూడ ఇవే. అయితే రోజూ వాడితే మెదడు వీటికి అలవాటు పడుతుంది. పాత మోతాదు చాలదు. అందుచేత సాధారణంగా 2 నుండి 4 వారాలకు మించి వాడకూడదంటారు.

వృద్ధులు ఈ మత్తులో రాత్రివేళ తూలిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటారు. మతిమరుపు పెరుగుతుంది. మద్యంతో గాని, ట్రమడాల్ వంటి నొప్పి మందులతో గాని కలిస్తే శ్వాస మందగించి ప్రాణమే పోవచ్చు.

ఇది చదివి భయపడి ఈ రాత్రే మాత్రలు పారవేయకండి! ఏండ్ల తరబడి వాడినవారు ఒక్కసారిగా మానితే వణుకు, చెమటలు, విపరీతమైన ఆందోళన, ఫిట్స్ కూడ రావచ్చు. 2015లో తెలంగాణలోని నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఈ మందులు కలిపిన కల్తీ కల్లు దొరకకుండ పోయినప్పుడు, దానికి అలవాటుపడిన కూలి జనం ఫిట్స్‌తో, పిచ్చి చేష్టలతో ఆసుపత్రుల పాలయ్యారు. మందు చేసిన హాని కొంతయితే, అది హఠాత్తుగా ఆగడం చేసిన హాని మరి కొంత.

గనుక ఇలా చేయండి:

1. ఎన్నాళ్ళుగా, రోజుకు ఎన్ని వేసుకొంటున్నారో దాచకుండ డాక్టరుతో చెప్పండి. ఆయన వారాల తరబడి, అవసరమైతే నెలల తరబడి మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తారు.

2. చీటీ లేకుండ కొనకండి. ఆల్ప్రజోలామ్, డయాజిపామ్‌లను అమ్మినప్పుడు రోగి పేరు, రాసిన డాక్టరు పేరు దుకాణదారు పుస్తకంలో ఎక్కించాలని 2014 నుండి నియమం ఉంది.

3. మీ మాత్ర పొరుగువారికి ఇవ్వకండి. పిల్లలకు అందనీయకండి.

4. సాయంత్రం తరువాత టీ, కాఫీ మానండి. పగటి నిద్ర తగ్గించి, రోజూ ఒకే వేళకు లేవండి.

మీ ఇంట్లో అమ్మకో అత్తకో ఈ అలవాటు ఉంటే కోప్పడకండి, మాత్రలు లాక్కోకండి. అది ఆమె తప్పు కాదు. రాసిచ్చిన మందుకే శరీరం అలవాటు పడింది. ఆమెను ఒంటరిగా పంపక, మీరే వెంటబెట్టుకొని ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.