విమానానికి సంతకం పెట్టేదెవరు?

పదేళ్ళ పాత క్యామ్రీని సర్వీసుకివ్వాలంటే మనవాళ్ళు చేసే హడావిడి మీకు తెలియంది కాదు. ఆఫీసులో నలుగుర్ని అడుగుతాం, గుళ్ళో కలిసినవాళ్ళని అడుగుతాం. ఫలానా మెకానిక్కు అనవసరంగా బ్రేకులు మార్చడని ఎవరైనా చెబితే ముప్ఫై మైళ్ళు నడుపుకుంటూ వెళ్ళి మరీ ఇచ్చొస్తాం. అదే, పెళ్ళాంపిల్లలతో హైదరాబాదు బయల్దేరేటప్పుడు, మనల్ని గంటల తరబడి గాల్లో మోసే ఆ విమానాన్ని ఎవరు విప్పారు, ఎవరు బిగించారు అని ఒక్కసారైనా అడిగామా? టిక్కెట్టు ధర చూస్తాం, పెట్టెలు రెండా ఒకటా చూస్తాం, శాకాహార భోజనం రాయించామా లేదా చూస్తాం. అంతే!

అడగాల్సిన అవసరం రాకపోవడం మంచిదే లెండి. కానీ ఆ నిశ్చింత ఊరికే రాలేదు. దాన్ని నిలబెట్టేది ఏమిటన్నదే ఇక్కడ చెప్పదలచుకున్నాను.

నేను విమానాల ఇంజనీర్ని కాను. కంప్యూటర్ సైన్సులో మాస్టర్సు చేసి, ఎవరు పిలిస్తే వాళ్ళ ప్రాజెక్టుకి వెళ్ళే మామూలు కన్సల్టెంటుని. అలా ఒక రెండేళ్ళు విమానాల మరమ్మతులు చేసే ఒక కంపెనీలో, వాళ్ళ రికార్డుల సాఫ్ట్‌వేరు మీద పనిచేశాను. మన సాఫ్ట్‌వేరు లోకంలో మెయింటెనెన్సంటే ఎంత చిన్నచూపో చెప్పక్కర్లేదు. పెళ్ళిచూపుల్లో కూడా "అబ్బాయిది డెవలప్‌మెంటా, సపోర్టా?" అని అడిగే రోజులివి. అక్కడికెళ్ళాక నాకు నచ్చిన మొదటి సంగతి, ఆ లోకంలో మెయింటెనెన్సు వాడి మాటే ఆఖరి మాట. వాడు సంతకం పెట్టకపోతే విమానం కదలదు. పైలట్టు సిద్ధంగా ఉన్నా, రెండొందల మంది క్యూలో నిలబడి ఉన్నా, కదలదు.

విమానానికి మరమ్మతంటే పాడయ్యాక చేసేది తక్కువ, పాడవకముందు చేసేది ఎక్కువ. కొన్ని వందల గంటలు ఎగిరాక ఒక చిన్న చెకప్పు, దాన్ని 'ఏ చెక్' అంటారు. ఏడాదిన్నర, రెండేళ్ళకోసారి పెద్దది, 'సీ చెక్'. ఇక ఆరేళ్ళనుంచి పన్నెండేళ్ళ మధ్యలో ఒకసారి వచ్చేది అసలు సిసలు భారీ చెక్. అప్పుడు సీట్లు, లోపలి ప్యానెళ్ళు, గేలీలు అన్నీ పీకేసి అస్థిపంజరం మాత్రం మిగులుస్తారు. ఎక్కడ తుప్పు పట్టింది, ఎక్కడ వెంట్రుకవాసి పగులు మొదలైంది అని వెతుకుతారు. ఇంజన్ల ఓవర్‌హాల్ వేరే కథ, వాటికి వేరే షాపులు. వీటన్నిటికీ పట్టేది యంత్రాలకంటే ఎక్కువగా మనుషుల శ్రమ. ఒక్కో భారీ చెక్కుకి వేల గంటల పని. జీతాలు తక్కువున్న చోటికి విమానాలు ఎగిరిపోవడానికి కారణం అదే.

ప్రతి పనికీ ఒక టాస్కు కార్డుంటుంది. చేసినవాడు సంతకం పెట్టాలి. కీలకమైన పనులైతే చేసినవాడు కాకుండా రెండోవాడు చూసి సంతకం పెట్టాలి. చివర్లో, అధికారం ఉన్న మనిషి విమానాన్ని మళ్ళీ సర్వీసుకి వదులుతున్నానని సంతకం పెట్టాలి. సంతకమంటే మొక్కుబడి కాదు, పదేళ్ళ తర్వాత ఏదైనా జరిగినా ఆ కాగితం బయటికొస్తుంది.

నేనున్నప్పుడు ఒక ముచ్చట జరిగింది. రెండొందల టాస్కులున్న ఒక ప్యాకేజీకి ఒక్కొక్కటిగా సంతకం పెట్టడం ఆలస్యమవుతోందని, అన్నిటికీ ఒకేసారి సంతకం పడే బటనొకటి పెట్టమని మేనేజర్లు అడిగారు. మాకది పూట పని కూడా కాదు. ఆ మీటింగులో అరవై దాటిన ఒక ఇన్స్‌పెక్టరున్నాడు. అంతసేపూ మాట్లాడనివాడు అప్పుడు నోరు విప్పాడు. "నా సంతకం అంటే అది నేను చూశానని అర్థం. రెండొందల చోట్ల ఒకేసారి ఎలా చూస్తాను?" అన్నాడు. అంతే, ఆ బటన్ ఆలోచన అక్కడితో ఆగిపోయింది. ఒక జీతగాడి మాటకి నలుగురు మేనేజర్లు తలవంచడం నా కెరీర్లో మళ్ళీ చూడలేదు.

ఇక అసలు విషయానికొస్తాను. అమెరికాలో ఎప్పుడు విమానాల ప్రస్తావన వచ్చినా ఎవరో ఒకరు "మన విమానాల్ని ఎల్ సాల్వడార్‌లోనూ మెక్సికోలోనూ చైనాలోనూ రిపేరు చేయిస్తున్నారు తెలుసా?" అంటారు. అనే తీరులో ఇంకో మాట దాగుంటుంది: చవక మనుషులు, చవక పని. ఆఫ్‌షోర్ గురించి మన ముందే మనవాళ్ళని అనే మాట ఇదే కాబట్టి నాకు చురుక్కుమంటుంది. అయితే చురుక్కుమనడం జవాబు కాదు కదా. రికార్డేం చెబుతోందో చూద్దాం.

1985 ఆగస్టు 12న జపాన్ ఎయిర్‌లైన్స్ 747 కూలి 520 మంది పోయారు. ఒకే విమానానికి జరిగిన ప్రమాదాల్లో ఇప్పటికీ అదే అతి పెద్దది. కారణం, అంతకు ఏడేళ్ళ ముందు 1978లో తోక నేలకి తగిలినప్పుడు వెనక గోడకి వేసిన అతుకు. రెండు వరసల రివెట్లు పట్టాల్సిన చోట ఒకే వరస బలం మిగిలేలా వేశారు. వేసిందెవరు? విమానం తయారుచేసిన బోయింగ్ సొంత మనుషులే.

1990 జూన్ 10న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం గాల్లో ఉండగా కాక్‌పిట్ అద్దం ఊడిపోయి, కెప్టెన్ నడుం దాకా బయటికి లాగేయబడ్డాడు. సిబ్బంది కాళ్ళు పట్టుకుని ఆపారు, అదృష్టం కొద్దీ బతికాడు. ముందురోజు తెల్లవారుజామున అద్దం మార్చినప్పుడు 90 బోల్టుల్లో 84 బోల్టులు మందంలో మిల్లీమీటరులో మూడింట రెండు వంతులు తక్కువవి పడ్డాయి. పాత బోల్టు పక్కన పెట్టి కంటిచూపుతో పోల్చి తెచ్చుకున్నాడు. చేసినవాడు కొత్తవాడు కాదు, సాక్షాత్తూ ఆ షిఫ్టు మేనేజరు. మనుషులు తక్కువున్న రాత్రి, పని తనే మీదేసుకున్నాడు. ఆ పనికి రెండో మనిషి తనిఖీ ఉండాలన్న నియమం అప్పటికి లేదు.

2000 జనవరి 31న అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానం కాలిఫోర్నియా దగ్గర సముద్రంలో కూలి 88 మంది పోయారు. తోకని కదిపే స్క్రూకి గ్రీజు చాలక దాని నట్టు అరిగిపోయింది. గ్రీజు పెట్టే గడువుని అంతకు ముందు కొన్నేళ్ళుగా పొడిగించుకుంటూ పోయారు. ఇందులో నన్ను ఇప్పటికీ వదలని సంగతొకటుంది. 1997లో ఓక్లండ్‌లోని వాళ్ళ సొంత హ్యాంగర్లో ఒక మెకానిక్కు ఆ నట్టు అరుగుదల హద్దు దాకా వచ్చిందని కొలిచి, మార్చమని రాశాడు. తర్వాతి షిఫ్టువాళ్ళు మళ్ళీ కొలిచి, హద్దులోనే ఉందని తేల్చి, మార్చకుండా వదిలేశారు.

మొన్నటికి మొన్న 2024 జనవరి 5న పోర్ట్‌లండ్‌లో లేచిన కొత్త 737 మ్యాక్స్‌కి తలుపు స్థానంలో బిగించిన ప్యానెల్ ఊడిపోయింది. ఫ్యాక్టరీలో రివెట్లు సరిచేయడానికి దాన్ని తెరిచి, నాలుగు బోల్టులు తిరిగి పెట్టలేదు. తెరిచినట్టు కాగితం లేదు. కాగితం లేదు కాబట్టి తనిఖీ కూడా లేదు. అది జరిగింది వాషింగ్టన్ రాష్ట్రంలో.

ఇందులో ఒక్కటీ పేద దేశంలో, బయటి కాంట్రాక్టరు చేసింది కాదు. కనుక "బయట చేస్తే ప్రమాదం, మనవాళ్ళు చేస్తే భద్రం" అన్న వాదన నిలవదు.

అలాగని బయటికివ్వడంలో తప్పేమీ లేదని కూడా అనలేను. 1996లో వాల్యూజెట్ విమానం ఫ్లోరిడాలో కూలి 110 మంది పోయారు. కాంట్రాక్టు సంస్థ విప్పి పంపిన ఆక్సిజన్ జనరేటర్లకి రక్షణ మూతలు పెట్టలేదు, కార్డుల్లో మాత్రం పని పూర్తయినట్టు సంతకాలున్నాయి. 2003 జనవరిలో షార్లెట్‌లో చిన్న విమానం కూలి 21 మంది పోయారు. అక్కడ ఎయిర్‌లైను ఒక కంపెనీకి కాంట్రాక్టిస్తే, ఆ కంపెనీ మనుషుల్ని ఇంకో కంపెనీ దగ్గర తీసుకుంది. ఎలివేటర్ కేబుళ్ళు సర్దేటప్పుడు కొన్ని మెట్లు వదిలేశారు. ఆ మెకానిక్కుకి పని నేర్పుతున్నవాడూ, పనిని తనిఖీ చేసినవాడూ ఒక్కడే. వెండరు మీద వెండరు, లేయరు మీద లేయరు... ఇది చదివితే మన కన్సల్టెంట్లకి ఎక్కడో చూసినట్టనిపించడం లేదూ? తిలాపాపం తలా పిడికెడు. అందరూ పంచుకున్న బాధ్యత ఎవరిదీ కాకుండా పోతుంది.

ఈ అన్నిటిలోనూ దేశం మారింది, కంపెనీ మారింది, మారనివి రెండే. ఒకటి, పని చేసేవాడికి సమయం చాలలేదు, లేదా ఆ పని రెండో మనిషి దాకా వెళ్ళలేదు. రెండు, కుదరదన్నవాడి మాట చెల్లలేదు. నా ఉద్దేశంలో విమానం భద్రత హ్యాంగరు అక్షాంశ రేఖాంశాల్లో లేదు, సంతకం పెట్టేవాడికున్న తీరికలోనూ, పెట్టనని చెప్పగలిగే ధైర్యంలోనూ ఉంది.

నియమాలు కూడా అందరికీ ఒకటే ఉండాలి. అమెరికాలోని రిపేరు స్టేషన్లో విమానాన్ని వదిలే మనిషికి అమెరికా మెకానిక్కు సర్టిఫికెట్టో రిపేర్‌మన్ సర్టిఫికెట్టో ఉండాలి. ఎఫ్.ఏ.ఏ. గుర్తింపున్న విదేశీ స్టేషన్లో ఆ సర్టిఫికెట్టు తప్పనిసరి కాదు, శిక్షణో అనుభవమో చాలు. విదేశీ స్టేషన్లలో మద్యం, మత్తుమందుల పరీక్షల నియమం ఖరారైంది 2024 డిసెంబరులో. ఇలాంటి తేడాల్ని ఎత్తిచూపేవాళ్ళని జాత్యహంకారులని కొట్టిపారేయకూడదు. వాళ్ళడిగేది న్యాయమే. నన్నడిగితే ఆ కొలత మనకీ పెట్టమని మనమే అడగాలి.

ఎందుకంటే ఇది ఇక పరాయి గొడవ కాదు. శంషాబాద్‌లో జీఎమ్మార్ ఏరో టెక్నిక్ ఎన్నో ఏళ్ళుగా విమానాలకి భారీ చెక్కులు చేస్తోంది. మరమ్మతుల మీద జీఎస్టీని 2020లో 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. 2025 నవంబరులో శంషాబాద్ ఎయిర్‌పోర్టు పక్కనే సఫ్రాన్ వాళ్ళ లీప్ ఇంజన్ల కేంద్రం ప్రారంభమైంది. 2035 నాటికి ఏడాదికి 300 ఇంజన్లు చూడగలగాలన్నది లక్ష్యం. ఎయిర్‌బస్ 320 నియోలకీ, 737 మ్యాక్స్‌లకీ వాడే ఇంజన్లవి. ఇంతకాలం మన దేశపు విమానాల ఇంజన్లు ఎక్కువగా బయటికెళ్ళేవి, ఇప్పుడు పని మన ఊరికొస్తోంది. సంతోషమే. రేపు ఇంకో దేశంలో ఎవరో "మన ఇంజన్లని హైదరాబాదులో విప్పుతున్నారు తెలుసా?" అని అదే గొంతుతో అంటారు. అప్పుడు మనం ఏం చెబుతాం?

"మేం చవగ్గా చేస్తాం" అని మాత్రం చెప్పకూడదని నా కోరిక. సాఫ్ట్‌వేరులో పాతికేళ్ళు మనం చెప్పుకున్నది అదే. ఆ మాటతో ఉద్యోగాలొచ్చాయి, నేనూ ఆ గాలికే ఇక్కడిదాకా కొట్టుకొచ్చాను. కానీ పిండి కొద్దీ రొట్టె. రేటు తగ్గిస్తే ముందు కోతపడేది గంటలు, తర్వాత కోతపడేది రెండో మనిషి. సాఫ్ట్‌వేరులో అయితే రాత్రి రెండింటికి ఎవరినో లేపి ప్యాచ్ వేయిస్తాం. ముప్ఫై అయిదు వేల అడుగుల ఎత్తున ప్యాచ్ ఉండదు.

మనవాళ్ళకి పనితనం లేదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. నా భయమల్లా వేరే. పైవాడికి "కాదండీ" అని చెప్పడం మనకి చిన్నప్పట్నుంచీ నేర్పరు. బళ్ళో నేర్పరు, ఇంట్లో నేర్పరు, ఆఫీసులో సరేసరి. లైసెన్సు చేతికొచ్చిన పాతికేళ్ళ కుర్రాడు, తెల్లారుజామున నాలుగింటికి, మేనేజరు భుజమ్మీద చెయ్యేసి "కానీయవయ్యా, ఆరింటికి ఫ్లైటుంది" అంటే, ఆ నట్టు మార్చందే సంతకం పెట్టనని అనగలగాలి. అన్నందుకు వాడి ఉద్యోగం పోకూడదు, ఇంక్రిమెంటూ ఆగకూడదు. ఆ హామీ రాతపూర్వకంగా ఉన్న హ్యాంగరు శంషాబాద్‌లో ఉన్నా, సింగపూర్‌లో ఉన్నా, టల్సాలో ఉన్నా నా పిల్లల్ని నిశ్చింతగా విమానమెక్కిస్తాను.

పెట్టుబడి ఎన్ని కోట్లు, ఉద్యోగాలెన్ని అని పేపర్లో వేస్తారు, మనం ఫార్వర్డు చేసుకుంటాం. దాంతోపాటు ఇంకో ప్రశ్న కూడా అడగడం అలవాటు చేసుకుందాం: అక్కడ పోయినేడాది ఎన్ని విమానాల్ని "ఇవాళ వదలను" అని ఆపారు? ఆ అంకె సున్నా అయితే మాత్రం నాకు అనుమానమే. మీరేమంటారు?